బేరింగు పోసుకోవడం



పాత కట్టెల మిల్లు మూతపడితే ముందు అమ్ముడుపోయేది మోటారు. ఆ తర్వాత పుల్లీలు, బెల్టులు. చివరికి షెడ్డులో మిగిలేది నిలువెత్తు పోత ఇనుప చట్రం, దానికి కిందొకటి పైనొకటి రెండు పెద్ద చక్రాలు. ఆ చక్రాల మీదుగా రంపపు బ్లేడు పట్టీలా తిరిగే ఈ మెషిన్నే బ్యాండ్ సా అంటారు. హిందూపురం చుట్టుపక్కల, లేపాక్షి దారిలో, చిలమత్తూరు వైపు ఇలాంటివి షెడ్ల వెనక వేప చెట్ల కింద ఎండకు ఎండుతూ కనిపిస్తాయి. అడిగితే ఓనరు చెప్పే మాట ఒక్కటే: "బేరింగులు పోయినాయి సార్, ఈ సైజు ఇప్పుడు యాడా దొరకదు." ఆ తర్వాత గుజిరీ లారీ వస్తుంది. చట్రాన్ని సమ్మెటలతో పగలగొట్టి, కిలోల లెక్కన తూకం వేసి తీసుకుపోతారు.

ఆ ఓనరు మాట గురించే ఈ రోజు మాట్లాడతాను. ఆ బేరింగు దొరకదనడం నిజమే. అయితే అది ఏనాడూ కొట్లో దొరికే సరుకు కాదు. మెషిను నిలబెట్టిన చోటే, ఆ మెషిను షాఫ్టు చుట్టూ, కరిగిన లోహం పోసి తయారు చేసుకునేవాళ్ళు. అరిగితే కరిగించి మళ్ళీ పోసుకునేవాళ్ళు. పోత ఇనుప చట్రం చేసిన వాళ్ళు ఈ సంగతి ఆలోచించే చేశారు. షాఫ్టు కూర్చునే గూడు లోపల పావురం తోకల్లాంటి గాళ్ళు, గుంటలు వదిలిపెట్టారు, పోసిన లోహం అందులోకి దిగి పట్టుకోవాలని. అంటే మనం పారేస్తున్న మెషిను లోపలే, దాన్ని బాగుచేసుకునే ఏర్పాటు ఉంది.

ఆ లోహాన్ని మన మెకానిక్కులు వైట్‌మెటల్ అంటారు. పుస్తకాల్లో దాని పేరు బాబిట్ మెటల్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో టాంటన్ అనే ఊరి మనిషి ఐజాక్ బాబిట్, వృత్తికి కంసాలి. 1839లో ఈ లోహంతో చేసే బేరింగుకు ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ మంచి రకం వైట్‌మెటల్ పాళ్ళు ఇంచుమించు ఇలా ఉంటాయి: నూటికి 89 వంతులు తగరం, ఏడెనిమిది వంతులు ఆంటిమొనీ, మిగతా మూడు నాలుగు వంతులు రాగి. చవక రకంలో తగరానికి బదులు సీసం ఎక్కువ.

మెత్తని తగరంలో ఈ రెండూ ఎందుకు కలపాలి? కరిగిన లోహం చల్లారేటప్పుడు ఆంటిమొనీ తగరంతో కలిసి చిన్న చిన్న ఘనాకారపు గట్టి పలుకులు కడుతుంది. రాగి సూదుల్లాంటి పలుకులు కడుతుంది. ఆ సూదులు అడ్డదిడ్డంగా అల్లుకుని, తేలికైన ఘనాలు పైకి తేలిపోకుండా పట్టి ఉంచుతాయి. చుట్టూ ఉండేది మెత్తని తగరం. బరువు మోసే పని గట్టి పలుకులది. షాఫ్టు కొంచెం వంకరగా కూర్చుంటే సర్దుకుపోయే పని మెత్తని భాగానిది. నూనెతో పాటు ఓ ఇసుక రేణువు లోపలికి పోయిందనుకోండి, మెత్తని లోహం ఆ రేణువును తనలోకి దించుకుంటుంది. షాఫ్టు మీద గీత పడదు. వైశాఖంలో సుడిగాలి లేస్తే ఎదుటి మనిషి కనిపించని సీమ మనది. ఇక్కడ ఈ గుణం విలువ ఎంతో మిల్లు నడిపినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అనంతపురం పల్లెలకు వైట్‌మెటల్ పరిచయం కట్టెల మిల్లుతో అయింది కాదు. రాజ్‌కోట్‌లో తయారై వచ్చిన లిస్టర్ తరహా ఆయిల్ ఇంజిన్లు, ఆరు గుర్రాలవి, నిమిషానికి 650 చుట్లు తిరిగేవి, బావుల దగ్గరా శెనక్కాయలు వలిచే మిషన్ల దగ్గరా డుబుడుబుమంటుంటే వినని ఊరు ఒకప్పుడు ఉండేది కాదు. వాటి కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండే బేరింగుకు వైట్‌మెటల్ పూతే ఉంటుంది. అప్పట్లో గుంతకల్లు మీదుగా పోయిన పాత గూడ్సు వ్యాగన్ల ఇరుసుల మీద కూర్చున్నదీ అలాంటి లోహమే. ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ పవర్ కేంద్రం ఉంది కదా. అక్కడి 210 మెగావాట్ల ఆవిరి టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరిగేది వైట్‌మెటల్ బేరింగుల మీదే. ఈ పూట మీ రేడియో పలకడానికి కావలసిన కరెంటు వెనక కూడా ఆ లోహం ఉండొచ్చు.

ఇక్కడ ఒక సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఇది తెలిస్తే తక్కిన పనంతా ఎందుకు అలా చేయాలో తెలుస్తుంది.

1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తున్నాడు. తిరిగే ఇరుసు మీద బేరింగును పైనుంచి బోర్లించి, దానిమీద బరువు పెట్టాడు. ఇరుసు కింది భాగం నూనె తొట్టిలో మునిగి ఉంది. పైనుంచి కూడా నూనె పోసి చూద్దామని బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం వేశాడు. మెషిను తిప్పగానే ఆ రంధ్రంలోకి నూనె దిగాల్సింది పోయి, లోపలి నుంచే నూనె పైకి ఉబికి వచ్చింది. బెండు బిరడా పెట్టాడు, ఎగిరిపోయింది. కట్టె బిరడా కొట్టాడు, అదీ బయటికి తోసుకొచ్చింది. చివరికి అక్కడ ప్రెషర్ గేజ్ బిగించి చూస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటిపోయింది. ఆయన పైన పెట్టిన బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లే. అంటే తిరిగే ఇరుసు తనంతట తానే నూనెను లోపలికి లాక్కుని, ఆ నూనె ఒత్తిడి మీద బేరింగును ఎత్తి పట్టుకుంటోంది. లోహానికీ లోహానికీ తాకిడే లేదు. మూడేళ్ళ తర్వాత, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీని గణితం తేల్చాడు. టర్బైన్ బేరింగైనా, మన బ్యాండ్ సా బేరింగైనా నడిచేది ఆ సూత్రం మీదే.

కాబట్టి వైట్‌మెటల్ బేరింగు పోయడమంటే, షాఫ్టుకూ లోహానికీ మధ్య నూనె నిలిచేంత సందు ఏర్పరచడం. ఎంత సందు? లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వచ్చిన యాత్రికులు వేలాడే స్తంభం కింద ఓ పక్క నుంచి తువ్వాలు దూర్చి మరో పక్క లాగుతారు. బేరింగులో అంత సందు ఉంటే షాఫ్టు లొడలొడ కొట్టుకుంటుంది. షాఫ్టు లావు అంగుళానికి ఒక థౌ చొప్పున లెక్కేసుకుని, దానిమీద ఇంకో థౌ కలుపుకోవాలని పాత మిస్త్రీల లెక్క. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంగుళమున్నర షాఫ్టుకు రెండున్నర థౌ. తలవెంట్రుక లావు అటూ ఇటూగా అంతే.

ఇక పనిలోకి వద్దాం. రాచ్‌డేల్‌లో రాబిన్సన్, సిన్సినాటిలో ఫే అండ్ ఈగన్ లాంటి కంపెనీలు పాత కాలంలో చేసిన బ్యాండ్ సాలు, వాటిని చూసి మన దేశంలో పోతపోసినవి, పద్ధతిలో అన్నీ ఒకటే. మూడడుగుల చక్రం నిమిషానికి 500 చుట్లు తిరిగిందంటే బ్లేడు నిమిషానికి 4,700 అడుగులు పరుగెడుతుంది. బేరింగు వదులై చక్రం ఊగిందంటే ఆ బ్లేడు తెగి మనిషి మీదికి వస్తుంది. కాబట్టి "ఏదో ఒకటి పోసి నడిపిద్దాం" అనే మాట ఈ పనిలో చెల్లదు.

ముందు చూడాల్సింది షాఫ్టు. బేరింగు కూర్చునే చోట వేలి గోరు పెట్టి లాగి చూడండి. గోరు గీతల్లో చిక్కుకుంటే లేత్ మీద పలుచగా ఒక కోత తీయించి, నున్నగా పాలిష్ పట్టించాలి. షాఫ్టు ఓ పది థౌ సన్నబడితే బెంగ అక్కర్లేదు. షాఫ్టు ఎంతుంటే దానికి అంత బేరింగు పోసుకుంటాం. బాల్ బేరింగుకు ఈ వెసులుబాటు లేదు.

పాత లోహాన్ని బ్లో ల్యాంపుతో నిదానంగా కరిగించి కింద ఇనుప మూకుట్లోకి పట్టాలి. అది ఏ రకమో తెలియకుండా కొత్తదాంతో కలపకూడదు. తెల్ల కాగితం మీద గీసి చూస్తే సీసం ఎక్కువున్నది పెన్సిల్ గీసినట్టు నల్ల చార పెడుతుంది. తగరం రకంలో కొంచెం సీసం కలిసినా చాలు, ఆ రెండూ కలిసి 183 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం లోపల అక్కడక్కడా కూడుకుంటుంది. బేరింగు వేడెక్కిన రోజు ముందుగా అక్కడే మెత్తబడి జారిపోతుంది. గుజిరీ కొట్లో "వైట్‌మెటలే అన్నా, తీస్కపో" అని అంటగట్టే ముద్దల్లో ఏముందో ఆ అమ్మేవాడికీ తెలియదు. కొత్త లోహం పాళ్ళు రాసి ఉన్న బిళ్ళలుగా దొరుకుతుంది. ఖరీదే, కానీ ఒక మెషినుకు పట్టేది కొద్ది కిలోలు.

గూడు శుభ్రం చేశాక షాఫ్టును దాని చోట నిలబెట్టాలి. పై చక్రం అంచు నుంచి కింది చక్రం అంచుకు పురికొస లాగి, స్పిరిట్ లెవల్ పెట్టి, చెక్క చీలలతో సర్ది బిగించాలి. ఈ సర్దడానికే ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి. లోహం పోసింతర్వాత షాఫ్టు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. తర్వాత షాఫ్టుకు మసి పట్టించాలి. కిరోసిన్ బుడ్డి వత్తి పెద్దది చేసి కింద తిప్పితే నల్లగా పొర కడుతుంది. ఆ పొర ఉంటే లోహం షాఫ్టుకు అంటుకోదు. రెండు కొసల్లో లోహం కారిపోకుండా అట్టముక్క వాషర్లు తొడిగి, చుట్టూ బంకమన్నుతో కట్ట కట్టాలి.

ఆ మన్ను మాత్రం నీళ్ళతో కలిపింది కాకూడదు, నూనెతో పిసికిందై ఉండాలి. కరిగిన లోహం కింద ఒక్క చుక్క నీరు చిక్కినా అది క్షణంలో ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. వానలు లేని సీమ, తేమ ఎక్కడుంటుందిలే అనుకోవద్దు. పోత ఇనుము గుంటల్లో తుప్పుంటుంది, ఆ తుప్పులో తేమ దాగుంటుంది. రాత్రి బయట పెట్టిన గరిటెలో మంచు చెమ్మ ఉంటుంది. అందుకే గూడునూ, షాఫ్టునూ, గరిటెనూ అన్నిటినీ ముందు కాచాలి. నేను చూసిన ఓ పెద్ద మిస్త్రీ పొయ్యి మీది లోహం వైపు తిరిగి కూడా చూసేవాడు కాదు, ముందు చట్రం మీదే చేయి వేసి చూసేవాడు. కుర్రాళ్ళు తొందరపెడితే ఒకటే అనేవాడు: "చెయ్యి ఆనించలేనంత కాగనీ అప్పా. ఇనుము సల్లగుంటే లోహం ముడుసుకుంటాది, దానికి గూట్లో పట్టు దొరకదు." ఆ కాచడం కూడా ఒకేచోట మంట పెట్టి చేయకూడదు. పోత ఇనుము చిట్లుతుంది. మంట తిప్పుతూ, నిదానంగా కాచాలి.

లోహం దాదాపు 425 డిగ్రీలకు రావాలి. థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోతే ఎండిన కట్టె పుల్ల ఒకటి ముంచి తీయండి. పుల్ల గోధుమ రంగుకు మాడితే చాలు, భగ్గున అంటుకుంటే వేడి మితిమీరినట్టు. మితిమీరితే లోహం గాలికి మాడి పైన బూడిద కడుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకోవడం కూడా ఎక్కువవుతుంది. పైన తేలిన మడ్డిని పక్కకు తీసి, అడుగంటా కలిపి, ఒకే గరిటెతో, ఒకే ధారగా, ఆపకుండా పోయాలి. గూడు నిండడానికి ఎంత కావాలో అంతకన్నా ఎక్కువ ఆ ఒక్క గరిటెలోనే ఉండాలి. మధ్యలో ధార తెగితే ముందు పోసిందీ వెనక పోసిందీ కలవవు, రెండింటి మధ్య పగులు ఉండిపోతుంది. పోయడం మొత్తం కొన్ని సెకండ్ల పని. ఆ సెకండ్లలో చేయి వణకకుండా ఉండాలంటే మిగతాదంతా ముందే సిద్ధం చేసి ఉండాలి.

కింది సగం గట్టిపడ్డాక, పై క్యాపుకూ దానికీ మధ్య షాఫ్టును తాకేటట్టు పలచని అట్టముక్కలు రెండు వైపులా పెట్టి, క్యాపులో నూనె పోసే రంధ్రం నుంచి పై సగం పోస్తారు. తర్వాత ఆ రంధ్రాన్ని డ్రిల్లుతో తెరుస్తారు. అట్టముక్కలు తీసి వాటి చోట పలచని ఇత్తడి షిమ్ములు పేర్చుకోవాలి. ఏళ్ళు గడిచి బేరింగు అరిగిన కొద్దీ ఒక్కో షిమ్ము తీసేస్తూ క్యాపు బిగించుకుంటే సందు మళ్ళీ సరిపోతుంది.

పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకు ఒక మాట. లేపాక్షిలో బండనేల మీదే చెక్కిన భోజనపు పళ్ళాలు చూపిస్తారు. గుడి చెక్కిన శిల్పులు వాటిలోనే అన్నం తినేవాళ్ళని చెబుతారు. రాతి పనికి అది చెల్లింది. సీసమున్న లోహం కరిగించే చోట మాత్రం అన్నం తినడం, టీ తాగడం, బీడీ కాల్చడం ఏదీ వద్దు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి పోయండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోండి. కళ్ళద్దాలు, తోలు చేతొడుగులు, కాలికి బూట్లు వేసుకునే పోయండి.

ఇప్పుడు స్క్రేపింగు. నాకు ఈ పనంతటిలో ఎక్కువ ఇష్టమైంది ఇదే. దీన్ని ఎవరూ చూడరు, మెషిను బిగించాక ఎవరికీ కనిపించదు కూడా. పోసిన బేరింగు కంటికి అద్దంలా ఉంటుంది. కానీ షాఫ్టుకు నీలం రంగు పలచగా పూసి, గూట్లో పెట్టి, ఒక్క చుట్టు తిప్పి తీస్తే నిజం తెలుస్తుంది. నీలం మచ్చలు ఇక్కడ రెండు, అక్కడ ఒకటి, అంతే. బరువంతా ఆ మూడు మచ్చల మీదే పడుతుందన్న మాట. పాత త్రికోణపు ఆకురాయిని పళ్ళు పోయేదాకా సానపట్టి పదును చేసుకున్న పనిముట్టుతో ఆ మచ్చల్ని మాత్రమే గీకాలి. వచ్చే రజను చూస్తే చేయి సరిగా పడిందో లేదో తెలుస్తుంది. పలచగా, గుండ్రంగా చుట్టుకుంటూ వస్తే సరే, పొడిలా రాలితే పదును లేదనో, కోణం తప్పిందనో అర్థం. మళ్ళీ షాఫ్టు పెట్టడం, తిప్పడం, తీయడం. మచ్చలు మూడు కాస్తా ఆరవుతాయి, తర్వాత పదిహేనవుతాయి, చివరికి అడుగు భాగమంతా చిన్న చిన్న నీలపు చుక్కలు సమంగా పరుచుకుంటాయి. పక్క గోడల దగ్గర కొంచెం ఎక్కువే గీకి వదులు చేయాలి, నూనె లోపలికి దూరేది అటునుంచే. సందు సరిపోయిందో లేదో చూడటానికి సన్నని సీసపు తీగ ముక్క షాఫ్టు మీద పెట్టి క్యాపు బిగించి విప్పండి. నలిగిన తీగ మందం కొలిస్తే అదే మీ సందు.

నూనె గాడి ఎక్కడ కోయాలో ఇప్పుడు మీరే చెప్పగలరు. టవర్ గారి రంధ్రంలోంచి నూనె ఎగజిమ్మింది బరువు పడే చోటనే కదా. అక్కడ గాడి కోస్తే ఒత్తిడంతా గాడిలోంచి కారిపోయి షాఫ్టు లోహం మీద కూలబడుతుంది. కాబట్టి బరువు పడని వైపు, రంధ్రం నుంచి రెండు పక్కలకూ, కొసల దాకా పోకుండా ముందే ఆగిపోయేటట్టు కోయాలి. బెల్టు ఎటు లాగుతుందో కూడా చూసుకోవాలి. కింది చక్రానికి బెల్టు పక్క నుంచి లాగితే బరువు అడుగున కాదు, ఆ పక్కనే పడుతుంది. ఇది మరిచి గాడి కోసిన మెషిన్లు చాలానే కనిపిస్తాయి.

నూనె సంగతికొస్తే, మన బండ్ల ఇరుసులకు ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పెట్టేవాళ్ళు. నిదానంగా తిరిగే ఎద్దుల బండికి అది బాగా పనికొచ్చింది. 500 చుట్లు తిరిగే షాఫ్టుకు ఆముదం కొన్నాళ్ళకే జిగురు కట్టి రంధ్రం మూసేస్తుంది. శెనగ నూనె కూడా అంతే. మామూలు ఇంజిన్ ఆయిలు పోయండి. నూనె గిన్నెలో ఉన్ని వత్తి పెట్టి మూత బిగిస్తే కట్టె రజను లోపలికి పోదు. మొదటి రోజు బ్లేడు లేకుండా ఖాళీగా నడిపి, కాసేపటికోసారి క్యాపు మీద అరచేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మంచిదే. చేయి నిలపలేకపోతే వెంటనే ఆపి, విప్పి, ఎక్కడ నల్లగా మెరిసిందో అక్కడ మళ్ళీ గీకాలి.

ఇంత తంటా ఎందుకు, గూడు తొలిచి బాల్ బేరింగు వేసేస్తే పోదా అని అడిగేవాళ్ళున్నారు. బాల్ బేరింగు మంచిదే, రోజూ నూనె అడగదు. కొత్తగా మెషిను చేసేవాళ్ళు అదే వేస్తారు, వేయాలి కూడా. కానీ పాత పోత ఇనుప చట్రాన్ని తొలిస్తే గూడు గోడలు పలచబడతాయి, మళ్ళీ వెనక్కి తేలేం. మన దుమ్ములో సీలు చిరిగిన బాల్ బేరింగు బతికేదీ ఎంతో కాలం కాదు. అది పోయిన రోజు మళ్ళీ సైజు వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కాలి. వైట్‌మెటల్ పోసిన మెషినుకు కావలసింది ఒక పొయ్యి, ఒక గరిటె, పని తెలిసిన ఒక మనిషి. పొయ్యీ గరిటె ఎప్పుడూ దొరుకుతాయి. ఆ మనిషి దొరకడమే ఇప్పుడు కష్టంగా ఉంది. హిందూపురం, కదిరి, ధర్మవరం పట్నాల్లో ఆయిల్ ఇంజిన్ల కాలం నాటి మిస్త్రీలు ఇంకా ఉన్నారు. ఐటీఐలో చదివే పిల్లలు ఒక్క ఆదివారం వాళ్ళ దగ్గరికెళ్ళి, "తాతా, ఒక బేరింగు పోసి చూపిస్తావా" అని అడిగితే కాదనే పెద్దమనిషి నాకు తారసపడలేదు.

చివరిగా ఒక పని మరిచిపోవద్దు. పోయగా మిగిలిన లోహాన్ని మూకుట్లోనే గట్టిపడనివ్వకండి. వేడిగా ఉన్నప్పుడే కాచిన ఇనుప కోణంలో పోసి కడ్డీలు చేసుకోండి. చల్లారాక ప్రతి కడ్డీ మీద సూది ఉలితో దాని పాళ్ళు చెక్కండి: తగరం 89, ఆంటిమొనీ ఏడున్నర, రాగి మూడున్నర. సీసం రకమైతే సీసమని చెక్కండి. మెషిను చట్రం లోపలి వైపు కూడా ఏ రకం పోశారో, ఏ ఏడు పోశారో పెయింటుతో రాయండి. ఇరవై ఏళ్ళ తర్వాత దాన్ని కరిగించేవాళ్ళు ఎవరైనా ముందు చూసేది అదే.